వకీలు సాబు మోటరులో నా గొంగడి

ఈ వానాకాలం మా మనవరాలు కీర్తన కారులోకి నీళ్ళు వచ్చాయి. అది ఎవరో వాడి వదిలేస్తే ఆమె కొనుక్కున్న పాత కారు, తలుపుల కింది రబ్బరు ఊడిపోయి చాన్నాళ్ళయింది, నాలుగు రోజులు ముసురు పట్టేసరికి కాళ్ళ కింద పరిచిన కార్పెట్టు తడిసి, ఎండక, ముక్కు మూసుకుని కూర్చోవలసి వచ్చింది. దాన్ని మార్పించడానికి సంగారెడ్డిలో కారు సీట్లు కుట్టే దుకాణానికి పోతూ, ఇంట్లో నన్నొక్కదాన్నే వదలడం ఇష్టం లేక నన్నూ ఎక్కించుకుంది. దుకాణం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. దుకాణదారు సీట్లు విప్పి, పాత కార్పెట్టును రెండు చేతులతో లాగి రోడ్డు పక్కన పడేశాడు. తడిసిన పీచు, తుప్పు, మట్టి, ఎప్పుడో ఒలికి పులిసిపోయిన పాలు, అన్నీ కలిసిన వాసన ఒక్కసారి ముక్కుకు తగిలి, నేనెక్కడున్నానో కాసేపు నాకే తెలియలేదు. ఎనభై దాటి చాలా ఏళ్ళయినదాన్ని, ఇలాంటివి జరిగితే ఇంట్లోవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మతిమరుపంటారు. మతిమరుపు కాదది, నాకు ఆ వాసన తెలుసు. నారాయణఖేడ్‌లో వకీలు సాబు మోటరు అచ్చం అలాగే వాసన వచ్చేది.

అవి పెద్ద యుద్ధం జరుగుతున్న రోజులు. యుద్ధం ఎక్కడో, ఎవరితోనో మాకు తెలియదు, కిరసనాయిలు దొరకనప్పుడల్లా మాత్రం దాని పేరు వినిపించేది. ఊళ్ళో మోటరు ఉన్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు. వకీలు సాబు పట్నంలో ఎవరో నవాబు వాడి వదిలేసిన నల్ల మోటరును తెచ్చుకున్నాడు. దానికి బట్ట కప్పు, ఇరువైపులా బయటికి పొడుచుకొచ్చిన దీపాలు, వెనక సీటు చుట్టూ ఆడవాళ్ళ కోసం వేలాడదీసిన ఆకుపచ్చ పరదాలు. దాన్ని తోలేది మా నాయిన. ఊళ్ళో అందరూ ఆయన్ని డ్రైవరు యోహాను అనేవాళ్ళు, ఆ మాట వినబడితే చాలు మా అవ్వ, అంటే మా అమ్మ, కొంగు సర్దుకునేది. మా తాత, ఆయన తండ్రి ఏడాది పొడుగునా పటేలు పశువుల వెంట తిరిగిన జీతగాళ్ళు. నాయిన కూడా పదేళ్ళ వయసు నుంచి అదే పటేలు కొట్టంలో పేడ తీసినవాడే, మిషను బడిలో చదివిన నాలుగు అక్షరాలూ, చెడిపోయినదాన్ని విప్పి చూడాలనే పిచ్చీ ఆయన్ని ఆ కొట్టం నుంచి బయటపడేశాయి. ఆ మోటరు పోతే ఆయన ఎక్కడికి తిరిగిపోవాలో మా ఇంట్లో అందరికీ తెలుసు, అందుకే ఎవరం ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మా ఇంటి కాలం మోటరును పట్టి నడిచేది. వానలు మొదలైతే అది వకీలు సాబు పశువుల కొట్టంలో ఒక మూల గోనెపట్టాలు కప్పుకుని పడుకునేది, జొన్నలు పాలు పోసుకునే వేళకు లేచేది. క్రిస్మసుకు అవ్వ సకినాలు చుడితే మొదటి దొంతర వకీలు సాబు ఇంటికి పోయేది. రంజాను పండుగనాడు వాళ్ళింటి నుంచి ఇత్తడి గిన్నెలో షీర్ కుర్మా వచ్చేది, ఖర్జూరం ముక్కల కోసం నేను గిన్నె అడుగున వేలు పెట్టి వెతికితే అవ్వ నా వీపు మీద ఒక్కటి వేసేది. మధ్యాహ్నాలు కొట్టంలో మోటరు నీడన కూర్చుని అచ్చనగిల్లలాడేదాన్ని. పైకెగరేసిన గిల్ల ఒక్కోసారి మోటరు లోపల పడేది, దాన్ని తీయడానికి నేల మీది కార్పెట్టు పైకెత్తితే ఆ వాసన వచ్చేది. ఒకప్పుడు ఎర్రగా ఉండేదట ఆ కార్పెట్టు, నేను చూసేనాటికి దానిది ఫలానా రంగని చెప్పడానికి లేదు. నాగల్‌గిద్ద దారిలో వాగు దాటినప్పుడల్లా నేల చెక్కల సందుల్లోంచి నీళ్ళు చిమ్మి, ఏళ్ళ తరబడి నాని, కింద కుళ్ళిపోయింది.

ఆ ఏడు వానలు వెనకబట్టాక బేగం సాబు, అంటే వకీలు సాబు భార్య, మోటరెక్కి కాలు పెట్టగానే కార్పెట్టు కింద నుంచి ఎలుకపిల్లలు కిచకిచమన్నాయి. ఆమె పెట్టిన కేకకు బజారులో జనం నిలబడిపోయారట. వకీలు సాబు కోపం వస్తే గొంతు తగ్గించి మాట్లాడే మనిషి, నాయినను పిలిచి చాలా నెమ్మదిగా చెప్పాడు. "నెల దినాలల్ల బీదర్‌ల పెళ్ళున్నది యోహానూ. గప్పటికల్లా కింద కొత్తది పరిస్తే సరే. లేకుంటే నాకు మోటరూ వద్దు, గీ పరేషానీ వద్దు, అమ్మేస్త." బేగం సాబు చెల్లెలి కూతురి పెళ్ళి అది. నాయిన పట్నం పోయే లారీవాళ్ళతో కబురు చేశాడు. కార్పెట్టు లేదు, రబ్బరు లేదు, యుద్ధమని జవాబొచ్చింది.

అప్పుడు మొదలైన తికమక ఇప్పటిదాకా నాకు పూర్తిగా విడిపోలేదు. నాయిన పాత కార్పెట్టును పట్టుకారుతో మేకులూడదీసి జాగ్రత్తగా ఇంటికి తెచ్చాడు, దాన్ని నమూనాగా పెట్టుకుని ఏదో ఒకటి కత్తిరించవచ్చని. ఏం చేయబోతున్నాడో అవ్వకు చెప్పలేదు. అవ్వకు మురికంటే పడదు, వాగుకు తీసుకుపోయి, చాకిరేవు బండ మీద వేసి ఉతికింది. సాయంత్రానికి ఆమె చేతిలో గుప్పెడు పోగులు మిగిలాయి, మిగతాది వాగులో పోయింది. నాయిన తిట్టలేదు. గడపలో కూర్చుని ఆ పోగులను తొడ మీద పరిచి, అటూ ఇటూ జరిపి చూస్తూ ఉండిపోయాడు. ఆయనను చూస్తే భయమేసి నేను అన్నం తినలేదు.

మర్నాడు గొంగళ్ళు నేసే బీరయ్యను పిలుచుకొచ్చాడు. గొంగడయితే నీళ్ళు పట్టదు, ఊళ్ళోనే ఉన్ని, ఊళ్ళోనే మగ్గం, యుద్ధంతో పని లేదు. బీరయ్య ఇల్లు ఊరి చివర, గొర్రెల దొడ్డి పక్కన ఉండేది. మాటలో కన్నడం కలిసేది, మాట్లాడేదే తక్కువ. అతని దగ్గర గజం కర్ర ఉండేది కాదు. గొంగడి కావలసిన మనిషిని గుమ్మం ముందు నిలబెట్టి, మడమ నుంచి నడినెత్తి దాకా నల్ల ఉన్ని దారం పట్టి, రెండు చివరలా ముడేసి, పేరు అడిగి, ఆ దారాన్ని మగ్గం పైన వాసానికి వేలాడగట్టేవాడు. వాసం నిండా దారాలే, ఏ దారం ఎవరిదో అతనికి తప్ప ఎవరికీ తెలియదు. అలా ఒక మనిషి కొలతతో నేసిన గొంగడి ఇంకొకరికి ఇవ్వరు, దాని మీద చెప్పు కాలు పెట్టరు.

బీరయ్య కొట్టంలోకి వచ్చి, మోటరును దూరం నుంచి చుట్టూ తిరిగి చూశాడు, లోపలికి తల పెట్టలేదు.

"నేనెక్క. నీ బిడ్డను అండ్ల పండుకొమ్మను" అన్నాడు.

నేను ఎగిరి గంతేసి ఎక్కాను. వెనక సీటు ముందున్న నేల మీద అడ్డంగా పడుకుంటే నా తల ఈ తలుపుకూ, మడమలు ఆ తలుపుకూ సరిగ్గా ఆనాయి. ఎలుకలు గుర్తొచ్చి కళ్ళు మూసుకున్నాను. బీరయ్య బయటి నుంచి వంగి దారం పట్టాడు, రెండు ముళ్ళు వేశాడు, అలవాటు కొద్దీ అడిగాడు.

"పేరేంది?"

"శాంతమ్మ" అన్నాను. నాయిన నవ్వాడు. మోటరుకు కూడా నా పేరే పెడుతున్నారేమో అనుకున్నాను.

ఆ తర్వాత మూడు వారాలు బీరయ్య ఇంటి ముందు నుంచి పోయినప్పుడల్లా చింతగింజల గంజి ఉడికే వాసన వచ్చేది, పోగులు గట్టిపడాలని ఉన్నికి పట్టించే గంజి అది. లోపలికి తొంగి చూస్తే గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తుండేవాడు, తలెత్తేవాడు కాదు. పెళ్ళికి రెండు రోజులుందనగా గొంగడి భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చాడు. అందరం ముంగిట్లోకి ఉరికాం. అతను నేరుగా నా దగ్గరకు వచ్చి, గొంగడి విప్పి, నా నెత్తి మీద వేశాడు. తుమ్మెద నలుపు, అంచుకు తెల్లటి గీత, కొత్త ఉన్ని వెచ్చదనం. నేను పూర్తిగా మునిగిపోయి ఇంకా బోలెడంత నేల మీద పడి ఉంది.

"పెరిగే పిల్ల కద. రెండు మూరలు ఎక్కువ నేసిన" అన్నాడు బీరయ్య.

గొంగడి లోపల చీకట్లో నాకు నాయిన గొంతు మాత్రం వినబడింది. "మోటరుకు కద బీరయ్యా చెప్పింది?"

"దారం శాంతమ్మ పేరు మీదున్నది" అన్నాడు బీరయ్య.

మళ్ళీ నేయడానికి ఉన్ని లేదు, రోజులూ లేవు. నేను తల బయటపెట్టేసరికి నాయిన లోపలికి పోయి కత్తెర తెచ్చాడు. బీరయ్య ఆయన మణికట్టు పట్టుకున్నాడు, అతను అంత గట్టిగా మాట్లాడటం నేను మళ్ళీ ఎప్పుడూ వినలేదు. "మనిషి కొలతది. దానికి కత్తెర వెడితె పిల్ల ఆయుష్షుకు వెట్టినట్టే. మేకు గూడ కొట్టొద్దు."

"గివన్ని మేం నమ్మం" అన్నాడు నాయిన. ఆదివారం పూట తప్పకుండా ప్రార్థనకు పోయే ఇల్లు మాది.

"నమ్మం" అంది అవ్వ కూడా, నన్ను గొంగడితో సహా తన వెనక్కి లాక్కుంటూ. "నమ్మం గని, కత్తెర మాత్రం వెట్టకు."

నాయిన కత్తెర అక్కడే కింద పెట్టి కొట్టం వైపు వెళ్ళిపోయాడు. నేను ఎవరి పక్షమో నాకు అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే అర్థమైంది, ఒప్పుకోవడానికి సిగ్గేసింది. అప్పటిదాకా నా కోసమని కొన్నదీ, కుట్టించిందీ ఒక్కటి కూడా లేదు, అన్నీ మిషనువాళ్ళు పంచిన పాత గౌన్లే. ఈ గొంగడి నాది, నా పేరు మీద నేసినది. మోటరు అమ్మేస్తే అమ్మేయనీ, గొంగడి నాకు మిగులుతుందని మనసులో అనుకున్నాను. అనుకున్న మరుక్షణం దేవుడు వినే ఉంటాడని గొంగడి మొహం మీదికి లాక్కున్నాను.

నడినెత్తిన ఎండ ఉండగా అవ్వ నాయినను అన్నానికి పిలుచుకు రమ్మని నన్ను పంపింది. గొంగడి వదలకుండా, ఈడ్చుకుంటూ పోయాను. నాయిన మోటరులో తన సీట్లో కూర్చుని ఉన్నాడు. ఇంజను మోగడం లేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, కొంచెం కుడికి, కొంచెం ఎడమకు తిప్పుతున్నాడు, వాగు మలుపులో తిప్పినట్టు. పక్కన ఆవులు నెమరేస్తున్నాయి. ఇది పోతే ఆయనకు మిగిలేది ఆ ఆవుల పక్కేనని అప్పుడు తట్టింది నాకు. ఏడుపొచ్చింది, ఆయనకు వినబడకుండా వెనక తలుపు తీసి ఎక్కాను. గొంగడిని నిలువుగా పరిస్తే నేల మీద పట్టలేదు. నేనిక్కడ పడుకున్నదాన్నే కదా అని దాని పన్నా మీద, అంటే వెడల్పున, పడుకుని చూశాను, పన్నా సరిగ్గా నా ఎత్తే. అడ్డంగా తిప్పి మూడు మడతలు వేస్తే, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా, పరుపంత మందాన కూర్చుంది. కత్తెరా అక్కర్లేదు, మేకూ అక్కర్లేదు.

నాయిన తిరిగి చూశాడు. "నీది గద బిడ్డా?"

"నాదే. మోటర్ల ఉంటది" అన్నాను.

ముందు భాగంలో, ఆయన కాళ్ళ కింద, గోనెపట్టా కత్తిరించి బ్రేకుకూ క్లచ్చుకూ బొక్కలు పెట్టి మేకులు కొట్టాడు. గోనెపట్టాకు ఎవరి ఆయుష్షుతోనూ సంబంధం లేదు కాబట్టి అవ్వ కూడా ఏమీ అనలేదు.

పెళ్ళి ప్రయాణం నాటి పొద్దున వకీలు సాబు వాకిట్లో మోటరు నిలబడింది. వకీలు సాబు పరదా ఎత్తి చూసి, "గిదెవరి గొంగడి?" అన్నాడు. కొత్తది తెమ్మంటే ఎవరిదో తెచ్చి వేశాడన్న అనుమానం ఆ గొంతులో ఉంది. నాయినకు అబద్ధం రాదు. "నా బిడ్డది సాబ్. దీని కొలతతోనే నేసిన్రు" అని నన్ను చూపించాడు. ఆ ఒక్క మాటతో మోటరు పోయిందనుకుని నేను గోడకు అతుక్కుపోయాను. బేగం సాబు బుర్ఖాలోంచి నన్ను చూసి, "బచ్చీ కా హై? జూతీ నక్కో" అంది. చిన్నపిల్లదా, అయితే చెప్పు కాలు వద్దు అని. జరీ పనిచేసిన జోళ్ళు గడప దగ్గర విడిచినట్టే మోటరు పక్కన నేల మీద విడిచి, ఉత్త కాళ్ళతో ఎక్కి కూర్చుంది. పరదాలు దించారు, మోటరు కదిలింది, దుమ్ము లేచింది, పనివాళ్ళంతా దండాలు పెట్టి లోపలికి పోయారు. దుమ్ము తగ్గాక చూస్తే జోళ్ళు అక్కడే ఉన్నాయి.

వాటిని గుండెకు అదుముకుని పరుగెత్తాను. బజారు దాటి, గొర్రెల దొడ్డి దాటి, నాగల్‌గిద్ద దారి పట్టి, ఆగమని అరుస్తూ వాగు దాకా ఉరికాను. మోటరు అవతలి గట్టెక్కి పోతోంది. పెళ్ళివారి గుమ్మంలో బేగం సాబు వట్టి కాళ్ళతో దిగితే నాయిన గతేమిటని నీళ్ళలోనే కూలబడ్డాను. జోళ్ళు మాత్రం తడవనివ్వలేదు.

అవ్వ వాటిని తుడిచి, గుడ్డలో చుట్టి, గూట్లో బైబిలు పక్కన పెట్టింది, అంతకంటే ఎత్తైన చోటు మా ఇంట్లో లేదు. మూడు రోజులు ఇద్దరం వాటిని చూస్తూ గడిపాం. గొంగడి మీద చెప్పు పెట్టకపోవడం మంచిదే కదా, మంచి జరిగినందుకు నాయిన పని పోతుందా? అవ్వను అడిగితే, "నాకేమెరుక బిడ్డా, నాకు గూడ సమజైతలేదు" అంది.

నాలుగో రోజు నాయిన మోటరు తోలుకునే వచ్చాడు. బీదర్‌లో బేగం సాబు వట్టి కాళ్ళతో దిగగానే పెళ్ళివారి ఆడవాళ్ళు ఆమె ఏదో మొక్కు మొక్కుకుని అలా వచ్చిందనుకున్నారట, ఒకరిని చూసి ఒకరు ఆమెకు దారి ఇచ్చి, పెద్ద పీట వేశారట. కాదని ఆమె చెప్పలేదు. తిరుగు దారిలో గొంగడి మీద కాళ్ళు చాపుకుని వాగు దాకా నిద్రపోయింది, లేచి, ఈ మోటరు అమ్మొద్దని భర్తతో అంది. నేను జోళ్ళు తీసుకుపోయి ఇస్తే తిప్పి తిప్పి చూసి, నా చేతిలో పెళ్ళి లడ్డూ పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆమెకు నా మీద కోపమో, ప్రేమో ఈనాటికీ తెలియదు.

తర్వాత నాలుగేళ్ళు నా గొంగడి మోటరులోనే ఉంది. ఎక్కినవాళ్ళందరూ చెప్పులు విడిచేవాళ్ళు, కింద మరిచిపోకుండా నాయిన సీటు వెనక ఒక సంచి కట్టాడు. శనివారం శనివారం నేను గొంగడిని కొట్టం బయట దులిపేదాన్ని, జొన్న గింజలు, గాజు పెంకులు, ఒకసారి ఎవరిదో జడ కుచ్చు రాలాయి. దాని మీద ఊరంతా కాళ్ళు పెడుతోందని ఒకరోజు ఏడుపు, ఊరంతా నా గొంగడి కోసం చెప్పులు విడుస్తోందని ఇంకోరోజు గర్వం.

నాకు పదమూడేళ్ళు వచ్చాక వకీలు సాబు మోటరు అమ్మేశాడు. అప్పటికి నాయిన చేతి పని నలుగురికీ తెలిసింది, పట్నం పోయే బస్సు తోలడానికి పిలిచారు, పటేలు కొట్టంలో జీతానికి తిరిగి పోలేదు. తాళంచెవి ఇచ్చేసి వచ్చిన రోజు గొంగడి మడత విప్పి నా నెత్తి మీద వేశాడు. అంచు నా మడమల దగ్గర ఆగింది. దాన్ని కప్పుకునే బీరయ్య దగ్గరకు పోయాను, అప్పుడు నిజంగా మరిచిపోయావా, మోటరుకని తెలిసే నా కోసం నేశావా అని అడగడానికి. అతను మగ్గం మీంచి తలెత్తి, నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "సరిగ్గ వచ్చింది" అన్నాడు, మళ్ళీ తల దించుకుని నేసుకున్నాడు.

ఆ గొంగడి ఏ ఏడు చిమ్మెటల పాలయిందో కూడా ఇప్పుడు గుర్తు లేదు. బీరయ్య మగ్గం గుంట పూడ్చేసి దాని మీద ఎవరో ఇల్లు కట్టుకున్నారు, వాగు మీద వంతెన వచ్చింది, వాసానికి వేలాడే దారాల మాట చెబితే కీర్తన నిజమేనా అని అడుగుతుంది. సంగారెడ్డి దుకాణంలో కొలతలెవరు తీస్తారని అడిగాను. "కొలతలు అక్కర్లేదమ్మా, బండి పేరు చెప్తే చాలు, దానికి సరిపోయేదే వస్తది" అన్నాడు దుకాణదారు. అరగంటలో పరిచేశాడు, జిగురు వాసన తప్ప ఇంకే వాసనా లేదు.

కీర్తన తలుపు తీసి పట్టుకుంది, నేను ఎక్కి కూర్చున్నాను. కారు కదిలాక కాళ్ళ కింద కొత్త కార్పెట్టు గరుకుగా తగిలితే తెలిసింది, వట్టి కాళ్ళతో ఎక్కానని. వెనక్కి తిరిగి చూశాను. నా చెప్పులు రెండూ దుకాణం ముందు, రోడ్డు పక్కన, జతగా ఉన్నాయి. చెబితే మళ్ళీ మతిమరుపంటారని నోరు మెదపలేదు. మలుపు తిరిగేదాకా మెడ తిప్పుకునే కూర్చున్నాను, వాటిని పట్టుకుని ఎవరైనా పరుగెత్తుకొస్తున్నారేమోనని. ఎవరూ రాలేదు.